తప్పాలనుకున్న ఇంటర్వ్యూ

జపాన్ వాళ్ళ ఇంటర్వ్యూ ఎలా తప్పాలా అని నేను పదహారు రోజులు ఆలోచించాను. తప్పడం తేలికనుకుంటారు గానీ, దానికీ సాధన కావాలి.

బెంగుళూరు శివార్లలో, హెబ్బగోడిలో ఒక మూడంతస్తుల ఇల్లే మా హాస్టలూ, మా క్లాసూ. ముప్ఫైమంది నర్సులం జపాన్‌లో వృద్ధాశ్రమాల్లో పనికి తయారవుతున్నాం. పొద్దున్నే ఫోన్లు తీసుకుని పెట్టెలో పెట్టి తాళం వేస్తే, సాయంత్రం ఏడింటికి ఇస్తారు. గేటు ఆదివారం రెండు గంటలు తీస్తారు. క్లాసులో తెలుగు మాట జారితే నిలబెడతారు. ముప్ఫై ఏళ్ళదాన్ని, ఒక బిడ్డ తల్లిని, బడిపిల్లలా గోడవారన నిలబడ్డాను. సిగ్గుకన్నా ఒళ్ళుమంట ఎక్కువగా ఉండేది.

ఒంగోలు ఆస్పత్రిలో నా డ్యూటీ నేను చేసుకుంటున్నదాన్ని. ఈ కోర్సు ప్రకటన మా ఆయన కంట పడింది. కుటుంబాన్ని కూడా తీసుకెళ్ళొచ్చని కోర్సు నడిపేవాళ్ళ ఆఫీసులో చెప్పారు, సరేనన్నాను. చేరిన నెలకి అసలు సంగతి బయటపడింది. మొదటి మూడేళ్ళు ఒంటరిగానే ఉండాలట. మా పాపకి నాలుగేళ్ళు. అప్పటికే నా నర్సింగ్ సర్టిఫికెట్లన్నీ ఆఫీసు బీరువాలో ఉన్నాయి. నా అంతట నేను మానుకుంటే ఇవ్వరు, అవి లేకపోతే ఏ ఆస్పత్రీ నన్ను గుమ్మం ఎక్కనివ్వదు. జపాన్ వాళ్ళు వద్దంటే మాత్రం మర్నాడే చేతిలో పెట్టి పంపించేస్తారు.

మా ఆయనతో చెప్పి చూశాను.

"అందరూ సీటు కోసం కొట్టుకుంటుంటే నువ్వేందే వెనక్కి లాగుతావు? మూడేళ్ళెంత, ఇట్టే అయిపోతాయి. పాపని మా అమ్మ చూసుకోదా?" అన్నాడు. ఇట్టే అయిపోవడానికి ఆయన వెళ్తేగా. ఆ రోజే తీర్మానించుకున్నాను, ఇంటర్వ్యూ తప్పాలని. తప్పితే ఎవరూ నన్నేమీ అనలేరు.

అయితే మా టీచరు వదిలే రకం కాదు. పాత బెంగుళూరు తెలుగావిడ, జపాన్‌లో పదేళ్ళు పనిచేసి వచ్చింది. మాలో ఒకరిని మంచంమీద ముసలమ్మలా పడుకోబెట్టి, మిగతావాళ్ళతో పలకరింపులు చెప్పించేది. నడుం వంచి పొద్దుటి నమస్కారం, "ఒహాయో గొజైమస్". నొప్పిగా ఉందా అని అడగాలంటే "ఇతాయ్ దెస్ క". మెల్లగా, మెల్లగా అనడానికి "యుక్కురి, యుక్కురి". ఒక్కో మాటా యాభైసార్లు. టీచరు మాత్రం అవసరమైతే తెలుగులోనే తిట్టేది.

"ఏమమ్మా, మొగం అట్ల గంటు పెట్టుకుంటే ఆ ముసలామె భయపడతాది. నగుతా అడగాల. నీకు నోరుండాది, మనసే యాడో ఉండాది" అనేది నాతో.

నిజమే, నా మనసు ఒంగోల్లో ఉంది. అయినా మంచంమీద మనిషి కనిపిస్తే చేతులు ఊరుకోవు కదా, పాడు అలవాటు. దిండు సర్దేదాన్ని, చెయ్యి పట్టుకునేదాన్ని.

ఇంటర్వ్యూ రోజు లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. పక్కన టీచరు. తెరమీద ఒక వృద్ధాశ్రమం నడిపే ఆవిడ, అరవై దాటి ఉంటాయి. వృద్ధుల సేవ ఎందుకు చేయాలనుకుంటున్నావని అడిగింది. ఆ జవాబు నాకు నిద్రలో కూడా వచ్చు. "వకరిమసెన్" అన్నాను, అర్థం కాలేదని. టీచరు బల్ల కింద నా కాలు తొక్కింది. రెండో ప్రశ్నకీ అదే. మూడోదానికి ఊరికే తల దించుకున్నాను. ఆవిడ ఏదో రాసుకుని, ఇక చాలన్నట్టు మర్యాదగా నవ్వింది. నాకు లోపల ఎంత సంతోషమో. మర్నాటి సాయంత్రానికి బస్సు టికెట్టు కూడా మనసులో కొనేసుకున్నాను.

అంతలో ఆవిడ ఏదో కాగితం కోసమని కుర్చీలోంచి లేవబోయింది. సగం లేచి, మోకాలు పట్టుకుని, పళ్ళు బిగబట్టి ఆగిపోయింది.

"ఇతాయ్ దెస్ క?" అన్నాను. నేనే అన్నాను. అక్కడితో ఆగానా, తెర వైపు చెయ్యి చాచి, "యుక్కురి, యుక్కురి" అంటూ ఆవిడ మళ్ళీ కుర్చీలో కూర్చునేదాకా చెబుతూనే ఉన్నాను. చాచిన చేతిని చూసుకున్నాక గాని తెలివి రాలేదు.

ఆవిడ ఇందాక రాసుకున్న కాగితం పక్కకి నెట్టేసింది. తర్వాత టీచరుతో నెమ్మదిగా ఏదేదో మాట్లాడింది.

టీచరు కళ్ళు తుడుచుకుంటూ నా వైపు తిరిగింది. "పాఠం అప్పజెప్పేవాళ్ళు శానామంది ఉండారంట. ఈ అమ్మాయే కావాల అంటా ఉండాది" అంది.

ఇంత తెలివితక్కువ నోటిని ఏం చేసుకోవాలి? కిందికొచ్చి బాత్రూంలో కుళాయి విప్పుకుని ఏడ్చాను. మిగతా అమ్మాయిలు సంతోషంతో ఏడుస్తున్నాననుకున్నారు.

ఏడింటికి ఫోనిచ్చారు. ఆఫీసువాళ్ళు మా ఆయనకి అప్పటికే చెప్పేశారు. ఆయన సంబరం అయ్యాక పాప ఫోను లాక్కుంది.

"అమ్మా, నువ్వు పాసయ్యావంట కదా. పరీక్ష పాసైతే అమ్మ వచ్చేస్తాదని నాన్నమ్మ చెప్పింది. వచ్చేస్తావుగా?"

"వస్తానమ్మా" అన్నాను.

ఎప్పుడని అది అడగలేదు. అడిగుంటే చెప్పేసేదాన్నేమో. నాకు రెండు ముద్దులు పెట్టి, ఫోను వాళ్ళ నాన్న చేతికిచ్చి, అమ్మ వస్తోందని నాన్నమ్మకి చెప్పడానికి పరిగెత్తింది.