లీజులో పేరు లేనివాళ్ళం

ఐర్లండ్‌లోని గాల్వేలో నేను చదవడానికి వచ్చింది మధ్యయుగపు ఐరోపా చరిత్ర. అందరూ కంప్యూటర్లు చదువుతుంటే నీకిదేం పిచ్చి అని నవ్వినవాళ్ళ మీద కసికొద్దీ, ఎవరు దొరికితే వాళ్ళకు దొరల గురించీ వెట్టి రైతుల గురించీ పాఠాలు చెప్పేదాన్ని. ఎక్కువగా చిక్కింది నాతో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళే.

ఇల్లు ఒక అక్క పేరు మీద ఉండేది. గుంటూరు మనిషి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. లీజులో ఆమె ఒక్కతే. చదువుకునే మేం ముగ్గురం అక్కడున్నట్టు యజమానికి తెలియదు. ఆయన ఇల్లు చూడడానికి వస్తున్నాడంటే పరుపులు చుట్టేసి, మా గిన్నెలు ప్రెస్‌లో, అదే ఇక్కడి గోడ అల్మారాలో, దాచి, సముద్రం ఒడ్డున వానలో తిరిగేవాళ్ళం. ఆ నీడ కోసం అద్దె కాక ఆదివారం ఇల్లంతా కడగడం, అక్కకు రోజూ క్యారేజీ కట్టడం మా వంతు. ఎవరూ రాసిపెట్టలేదు, అలా నడిచిపోయేది.

ఒకసారి వంటింట్లో చెప్పాను. సముద్రం మీంచి దోపిడీ మూకలు వచ్చిపడుతుంటే రైతు తన పొలాన్ని తనే దొర చేతిలో పెట్టి, కాపాడితే చాలు, నీ పొలంలో వెట్టి చేస్తానని మోకరిల్లేవాడని.

"మరి దొర కాపాడేటోడా?" అంది నాతో గది పంచుకునే కరీంనగర్ పిల్ల.

"తన కోటకి ముప్పు రానంతవరకు," అన్నాను. ఆ జవాబుకు నాకు నేనే మురిసిపోయాను.

తర్వాత కోవిడ్ వచ్చింది. ఆ పిల్ల ఒక వృద్ధాశ్రమంలో పార్ట్‌టైం చేసేది. అక్కడ మనుషులు చాలక షిఫ్టు మీద షిఫ్టు ఇచ్చారు. "ప్లేగు తర్వాత కూలీలకు గిరాకీ పెరిగినట్టు, ఇప్పుడు నీదే రాజయోగం," అని వేళాకోళం చేశాను. మాస్కు గీతలు పడ్డ ముఖంతో నవ్వింది. ముందురోజే ఒక ముసలావిడ తన చేతుల్లో పోయిందని తర్వాత చెప్పింది.

ఒక ఉదయం ఆమె ఫోన్ చేసింది. తనతో పనిచేసేవాళ్ళకు పాజిటివ్ వచ్చిందనీ, తనకూ టెస్ట్ చేశారనీ, ఇంటికి వస్తున్నాననీ చెప్పింది. అక్క మమ్మల్ని హాల్లోకి పిలిచింది.

"తనకి వస్తే అందరికీ వచ్చుద్ది. ఇంట్లో ఎంతమందని హెల్త్ వాళ్ళు అడుగుతారు. ఓనర్‌కి తెలిసిందంటే అందరం రోడ్డు మీదే. మీరే చెప్పండి."

మూడో అమ్మాయి ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. ఆ పిల్లకు ఈ దేశంలో వేరే చోటు లేదని నాకు తెలుసు. నోరు విప్పితే అక్క నన్నూ పొమ్మంటుందని భయం. సూట్‌కేసు సర్దింది నేనే. ఏవి తనవో నాకే తెలుసు కదా.

ఆమె బెల్లు కొడితే గొలుసు తీయకుండానే తలుపు తెరిచాను. బయట మెట్ల మీద పెట్టిన సూట్‌కేసు అప్పటికే చూసింది.

"పన్నెండు గంటలాయె అక్కా నిలవడి. ఒక్కసారి బాత్రూంకు పోయి, తానం జేసి పోత. ఎవ్వల్ని ముట్టుకోను."

వెనక్కి చూశాను. అక్క తల అడ్డంగా ఊపింది. తలుపు మూసేశాను. ఆమె అరవలేదు, గార్డులను, అంటే ఇక్కడి పోలీసులను, పిలుస్తానని బెదిరించలేదు. పిలిస్తే మా అందరి గుట్టూ బయటపడుతుందని ఆమెకూ తెలుసు. సూట్‌కేసు చక్రాల చప్పుడు వీధి చివరిదాకా వినబడింది. ఆ తర్వాత బెల్లును శానిటైజర్‌తో మూడుసార్లు తుడిచాను.

ఈ పాపాన్ని అక్క మీదికి నెట్టేయాలని చాలా ఏళ్ళు చూశాను. కుదరదు. ఎందుకంటే మూడో రోజు మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఆ పిల్ల మెసేజ్ పెట్టింది. నెగెటివ్ వచ్చిందనీ, ఆశ్రమం స్టాఫ్ రూంలో సోఫా మీద పడుకుంటున్నాననీ, ఇక రావచ్చా అనీ.

అక్క నా వైపు చూసి, "నీ రూమే కదమ్మా, నీ ఇష్టం," అంది.

అప్పటికే ఆమె మంచం మీద నా పుస్తకాలు పరుచుకున్నాను. కిటికీ పక్కన వెలుతురు బాగుంది.

"ఇంకో వారం ఆగితే మంచిదేమో అక్కా," అన్నాను.