మాత్ర మాట లేని సాక్ష్యం

కాలరు కుట్టడంలో ఆ షెడ్డులో ఆమెను మించినవాళ్లు లేరు. అయినా పదకొండేళ్లుగా ఆమె చేతికి దక్కింది కత్తెర మాత్రమే. బడిపిల్లల యూనిఫాంలు కుట్టే షెడ్డు అది. కుట్టు పూర్తయిన చొక్కాలకు వేలాడే దారపు కొసలు కత్తిరించడం ఆమె పని. ఒకప్పుడు ఆమెకూ మిషను ఉండేది. ఒకరోజు దాని ముందే ఫిట్స్ వచ్చి పడిపోయింది. కళ్లు తెరిచేసరికి ఆ మిషను మీద ఇంకొకామె కూర్చుని ఉంది.

"నీ మంచికేనమ్మా," అన్నాడు మేస్త్రీ.

కూలి కూడా ఆమె మంచికే తగ్గింది. కొత్తగా చేరినవాళ్లు కాలరు మూల తిప్పలేక తంటాలు పడుతుంటే ఆమే లేచి వెళ్లి తిప్పి చూపించేది. మళ్లీ వచ్చి కుక్కిన పేనులా తన పీట మీద కూర్చునేది. అందరూ దారాలక్క అన్నారు. ఆ పేరుకూ అడ్డు చెప్పలేదు.

చర్చిలోనూ ఇదే వరస. తలుపు పక్కన ఆఖరి బల్ల ఆమెది. పడిపోతే పిల్లలు జడుసుకుంటారనీ, బయటికి మోసుకెళ్లడానికి వీలుగా ఉంటుందనీ సంఘపెద్దలు తేల్చారు. ఆమె తల ఊపింది. లోపల మాత్రం దేవుణ్ణి అడిగేది: 'చూస్తున్నావా, లేక నీకు కూడా నేను వెనకబల్ల మనిషినేనా?' అడిగిన మరుక్షణమే భయపడి క్షమాపణ చెప్పుకునేది.

నాలుగేళ్ల కిందట ఆస్పత్రికి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ మందు మార్చింది. పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర. నెల గడిచింది, ఏడాది గడిచింది, రెండేళ్లు నిండాయి. ఒక్కసారీ పడలేదు.

ఆ సంగతి ముందుగా గమనించింది పాస్టరుగారి భార్య. సంఘంలో అందరికీ ఆమె అమ్మగారు.

"రెండేళ్లయింది కదమ్మా నువ్వు పడి! ఈ ఆదివారం సాక్ష్యం చెప్పాలి," అంది. దేవుడు తమకు చేసిన మేలును పదిమంది ముందు నిలబడి చెప్పడం ఆ చర్చిలో ప్రతి ఆదివారం జరిగేదే. ముందురోజు అమ్మగారి ఇంట్లో ఒకసారి చెప్పి చూపించాలి.

దారాలక్క ఉన్నదున్నట్టు చెప్పింది. ఏడ్చి ప్రార్థించాననీ, మంచి డాక్టరమ్మ దొరికిందనీ, మాత్రలు తప్పకుండా వేసుకుంటున్నాననీ, దేవుడికి వందనాలనీ.

అమ్మగారు కళ్లు తుడుచుకుంది. "అంతా బాగుంది. ఆ మాత్రల సంగతి ఎందుకులే తల్లీ? వినేవాళ్ల విశ్వాసం పలచబడుతుంది. మహిమ దేవుడికి పోవాలా, డాక్టరుకా?"

ఏళ్ల తరబడి వేలాడేవన్నీ కత్తిరించి అలవాటైన చెయ్యి. ఆ ఒక్క వాక్యం కూడా కత్తిరించేసింది.

ఆదివారం స్తోత్రాలతో చర్చి మారుమోగింది. ఎప్పుడూ ఆమె వంక చూడని సంఘపెద్ద స్వయంగా వచ్చి ముందుబల్లలో కూర్చోబెట్టాడు. నెత్తి మీద ఫ్యాను. అటూ ఇటూ ఇస్త్రీ చీరలు. ఆ బల్ల ఆమెకు నచ్చింది. తర్వాత ఎన్ని విధాల సర్ది చెప్పుకోవాలని చూసినా చెరగని నిజం అదే. భయపడి కాదు, మొహమాటపడి కాదు, నచ్చే ఆ తర్వాత కూడా ఆ మాట మింగుతూ వచ్చింది.

అప్పట్నుంచి మాత్రలు బాబిన్ల డబ్బాలోకి చేరాయి. పైన దారం చుట్టిన బాబిన్లు, అడుగున మాత్రలు. పై ఊళ్ల నుంచి ఎవరు అతిథులు వచ్చినా పాస్టరు అయ్యగారు ఆమెనే పిలిచేవారు. చెప్పగా చెప్పగా సాక్ష్యం నున్నబడింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు వణకాలో నోటికొచ్చేసింది.

ఇంట్లో మాత్రం అత్త ఉంది. పెళ్లిళ్లకూ చావులకూ తప్ప చర్చి గడప తొక్కని మనిషి. నోట్లో మాట దాగదు.

"ఏమేవ్, ఇవాళ మాత్ర వేసుకున్నావా, సాక్ష్యం చెప్పావు కదా అని మానేశావా?"

"మెల్లిగా అత్తా, పక్కింటివాళ్లు వింటారు."

"వింటే విననీ. దొంగసరుకా అది? మందేగా!"

నవ్వులాటగానే ఉండేది. కానీ తలుపు ఓరగా వేసుకుని మాత్ర మింగే ప్రతి పొద్దూ దారాలక్కకు ఒకటే గుబులు. ఇది అవిశ్వాసమా? మానేసి చూడనా? పడితే దేవుడు లేడని తేలుతుందా, నాకు నమ్మకం లేదని తేలుతుందా? మాత్రనూ నమ్మింది, దేవుణ్ణీ నమ్మింది. రెండింటినీ కలిపి నలుగురి ముందు ఒక్క వాక్యంలో చెప్పే ధైర్యమే లేకపోయింది.

ఇలా మరో రెండేళ్లు గడిచాక షెడ్డులోకి ఒక పిల్ల వచ్చింది. బొత్తాలు కుట్టే పని. పీట దారాలక్క పక్కనే. ఆ పిల్లకూ ఫిట్సే. అక్క సాక్ష్యం గురించి షెడ్డులో విని, ఆమె వెంటే చర్చికి రావడం మొదలుపెట్టింది. ఒకరోజు అన్నాల వేళ దగ్గరికి జరిగింది.

"అక్కా, ఒకటడుగుతా. తగ్గాక నువ్వు మాత్రలు మానేశావు కదా?"

బాబిన్ల డబ్బా దారాలక్క ఒళ్లోనే ఉంది. దాని మూత అదిమి పట్టుకుంది. నిజం చెబితే ఈ పిల్ల చర్చిలో ఇంకొకరితో అంటుంది. ముందుబల్ల కళ్లముందు మెదిలింది.

"అంతా దేవుడి దయ తల్లీ," అంది.

"నేనూ అదే అనుకున్నా!" పిల్ల ముఖం వెలిగిపోయింది.

అన్నది అబద్ధం కాదు. నిజమూ కాదు. రేపు చెబుదాంలే అనుకుంది. అలా తొమ్మిది రేపులు గడిచాయి. పిల్ల రోజూ పక్కనే కూర్చుని కూనిరాగం తీస్తూ బొత్తాలు కుడుతోంది. తేలు కుట్టిన దొంగలా దారాలక్క దారాలు కత్తిరిస్తోంది.

పదో రోజు ఆ పిల్ల చొక్కాల దొంతర ఎత్తుకుని ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్లి, అక్కడే విరుచుకుపడింది. కాలుతున్న ఇస్త్రీపెట్టె మోచేతి కింద ఇరుక్కుంది.

అందరికంటే ముందు పరుగెత్తింది దారాలక్కే. ప్లగ్గు పీకింది, పెట్టె లాగేసింది, పిల్లను పక్కకు ఒత్తిగిల్లేలా తిప్పింది. ముక్కుకు తగిలిన ఆ వాసన బట్ట మాడిన వాసన కాదు.

తేరుకున్నాక పిల్ల అన్న మొదటి మాట: "నువ్వు చెప్పిన రోజే మాత్రలు మానేశా. నా నమ్మకం చాల్లేదేమో అక్కా."

ఆ సాయంత్రం దారాలక్క అత్త ముందు కూలబడి అంతా చెప్పింది. అత్త ఈసారి ఎగతాళి చెయ్యలేదు. ఇంతే అడిగింది.

"తప్పు కుట్టు పడితే మీ షెడ్డులో ఏం చేస్తారే?"

"విప్పుతాం."

"ఎవరు విప్పాలి?"

"వేసినవాళ్లే."

"మరింక నన్నేం అడుగుతావు?"

ఆదివారం అతిథులున్నారు. అయ్యగారు ఎప్పటిలాగే పిలిచారు. దారాలక్క డబ్బాతో వెళ్లి, బాబిన్లు పక్కన పెట్టి, అడుగున ఉన్న మాత్రల అట్ట పైకెత్తింది.  ఈసారి నేర్చుకున్న చోట ఆగలేదు, గొంతు వణికించలేదు.

"నాలుగేళ్లుగా ఇవి వేసుకుంటున్నాను. ఒక్కపూట మానలేదు. మీకు చెప్పలేదు. అడిగిన పిల్లకీ చెప్పలేదు. నేను మానేశాననుకుని ఆ పిల్ల మానేసింది. చెయ్యి కాలింది. దేవుడు నాకు మేలు చేశాడు, ఈ మాత్ర చేతే చేశాడు. దాన్ని దాచి పెట్టింది నేను..."

అమ్మగారు పాట ఎత్తుకుంది. డప్పు మోగింది. మైకు ఆగిపోయింది. మిగతా మాట మొదటి రెండు వరసలకు తప్ప వినబడలేదు.

ఆమె దిగి నేరుగా ఆఖరి బల్లకు నడిచింది. కట్టు కట్టిన చేతితో బొత్తాల పిల్ల అక్కడే ఉంది. తలెత్తలేదు. పక్కన పెట్టుకున్న సంచీ కూడా తీయలేదు. దారాలక్క సంచీకి ఇవతల కూర్చుంది.

పిల్ల మళ్లీ మందు మొదలుపెట్టింది. మొదటిసారి ఆస్పత్రికి తోడు వెళ్లింది అత్త. దారాలక్కతో ఆ పిల్ల మాటలు ఇప్పటికీ అవసరానికే. బొత్తం కుట్టడానికి చెయ్యి చాపినప్పుడల్లా ఇస్త్రీపెట్టె మొన ఆకారంలో మచ్చ కనబడుతుంది. దారాలక్క రోజూ చూస్తుంది, చూపు తిప్పుకోదు. మాత్ర ఇప్పుడు తలుపు తెరిచే వేసుకుంటుంది, అరచేతిలో పెట్టుకుని వందనం చెప్పుకుని. చేసిన తప్పు దానితో తీరిందని మాత్రం అనుకోదు.

మీరు ఏ ప్రార్థనామందిరానికి వెళ్లేవాళ్లయినా సరే, ఒక పని చెయ్యండి. స్వస్థత సాక్ష్యం విన్నప్పుడు చప్పట్లు కొట్టే ముందు నిలబడి అడగండి: "మందు వాడారా? ఇప్పటికీ వాడుతున్నారా?" మీరే చెప్పేవాళ్లయితే అడగకముందే చెప్పండి. ఫిట్స్ మాత్రలు ఎవరైనా మానేస్తామంటే చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మీ మందిరంలో తలుపు పక్కన ఆఖరి బల్ల ఎవరికి కేటాయించారో వెనక్కి తిరిగి చూడండి, వెళ్లి వాళ్ల పక్కన కూర్చోండి. మీ చేతిలో ఒక షెడ్డు ఉంటే, కాలరు కుట్టగల మనిషికి కత్తెర ఇచ్చి కూర్చోబెట్టకండి. నాలుగేళ్లుగా పడని దారాలక్కకు ఆమె మిషను ఇంకా తిరిగి ఇవ్వలేదు.