కెనడా నుంచి తెచ్చుకున్న ప్రశ్నల వేళ

నా చిన్నప్పుడు జరిగిన ఒక సంగతిని ఇన్నేళ్ళూ ఎక్కడా రాయలేదు. రాయకుండానే పోదామనుకున్నాను కూడా. కానీ సింగపూర్‌లో సెంబవాంగ్ డాక్‌యార్డ్ లైన్లలో, అంటే పనివాళ్ళ వరస ఇళ్ళలో, పుట్టి పెరిగిన మా తెలుగు కుటుంబాల వాళ్ళు ఇప్పుడొక జ్ఞాపకాల పుస్తకం వేస్తున్నారు. అందులో మా పెదనాన్న గురించిన పేజీని అచ్చుకు ముందు నాకు పంపించారు. "సంఘంలో ప్రశ్నల వేళ ప్రవేశపెట్టి, ఏది అడిగినా లేచి నిలబడి సమాధానం చెప్పిన ప్రజాస్వామ్యవాది" అని రాశారు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అయినా అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఆ ప్రశ్నల వేళల్లో కూర్చున్నవాళ్ళలో ఇప్పుడు మిగిలింది బహుశా నేనొక్కదాన్నే. నేను నోరు విప్పకపోతే ఆ పేజీయే చరిత్ర అయి కూర్చుంటుంది.

నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాను. తమ్ముళ్ళను చూసుకోవడానికని ఆరో తరగతితో బడి మానిపించారు. నాకు తెలిసిందంతా లైబ్రరీలు పెట్టిన భిక్ష. ఈ మాట సిగ్గుతో చెప్పడం లేదు, గర్వంగానే చెబుతున్నాను. అప్పట్లో, బ్రిటిష్ నేవీ ఇంకా ఇక్కడ ఉన్న రోజుల్లో, మా లైన్ల దగ్గరికి పుస్తకాల వ్యాన్ వచ్చేది. చేతికి ఏది అందితే అది తెచ్చుకునేదాన్ని. ఒకసారి కెనడా గురించిన పుస్తకం అందింది. మంచు బొమ్మల కోసం తెరిచాను. ఉక్కకు మగ్గిపోయే మాకు ఆ బొమ్మలు చూస్తేనే ఒళ్ళు చల్లబడేది.

మంచు పేజీలు అయిపోయాక వాళ్ళ పార్లమెంటు గురించి ఉంది. సభ జరిగే రోజుల్లో కొంతసేపు ఎదుటి పక్షం వాళ్ళు మంత్రులను నేరుగా ప్రశ్నలు అడుగుతారట. ప్రధానమంత్రిని కూడా వదలరట. విన్నది తృప్తిగా లేకపోతే, అడిగినవాళ్ళు వెంటనే లేచి మళ్ళీ అడగవచ్చట. పెద్దవాళ్ళను మళ్ళీ అడగడం! మా ఇంట్లో ఏదైనా రెండోసారి అడిగితే వీపు చిట్లిపోయేది. ఆ పేజీని ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పలేను.

చదివింది చెప్పుకోవడానికి నాకు ఉన్న మనిషి మా పెదనాన్నే. డాక్‌యార్డ్‌లో ఓడలకు రంగులు వేసే పనివాళ్ళ మీద మేస్త్రీ. మా లైన్ల తెలుగు సంఘానికి పెద్ద. నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని వ్యాన్ దగ్గరికి తీసుకెళ్ళేవాడు. "ఏటే గుంటా, ఇయ్యాల ఏ దేశం తెచ్చినావు?" అని అడిగేవాడు. ఆడపిల్ల చదివి వినిపిస్తుంటే బీడీ ఆర్పేసి మరీ వినేవాడు. అంత శ్రద్ధగా నా మాట విన్న మగమనిషి అంతకు ముందు లేడు. నిజం చెప్పాలంటే ఆ తర్వాత కూడా తక్కువే.

కెనడా పేజీ విని తొడ చరిచాడు. "ఇదే మనకి కావాల!" అన్నాడు. ఆ ఆదివారమే సంఘం గదిలో నన్ను పక్కన నిలబెట్టుకుని, ఇక నుంచి ప్రతి మీటింగులోనూ ప్రశ్నల వేళ ఉంటుందని ప్రకటించాడు. "దీన్ని మా గుంట కెనడా నుంచి పట్టుకొచ్చింది" అన్నాడు. వెనక నుంచి ఎవరో, "దాంతో పాటు కాస్త మంచు కూడా పట్టుకురావలసిందమ్మా, ఈ ఉక్కకి సచ్చిపోతన్నాం" అనేసరికి గదంతా నవ్వింది. సంఘంలో సభ్యులు మగవాళ్ళే. అయినా మీటింగుకు ఒక ప్రశ్న పిల్లలు కూడా అడగవచ్చని పెదనాన్న ఆ రోజే అన్నాడు. నేను గాలిలో తేలుతూ ఇంటికి వచ్చాను.

కొన్నాళ్ళు బాగానే జరిగింది. వీధి దీపం ఎందుకు వెలగడం లేదని ఒకరు అడిగేవారు, కుళాయి దగ్గర సిమెంటు ఎప్పుడు వేస్తారని ఇంకొకరు అడిగేవారు. పెదనాన్న లేచి చెప్పేవాడు. దీపం వెలిగేది కూడా.

మా పక్కింటి అక్క ఆ గదిలోనే సాయంత్రాలు పిల్లలకు తెలుగు చెప్పేది. నాకు అక్షరాలు దిద్దించింది ఆమే. ఒకరోజు మేం పలకలు పట్టుకుని వెళ్తే గదికి తాళం వేసి ఉంది. అక్క ఇక రానక్కర్లేదని కమిటీ నిర్ణయించిందట. ఎందుకన్నది అక్కకు చెప్పలేదు, వాళ్ళ నాన్నకూ చెప్పలేదు.

కారణం చెప్పకపోయేసరికి లైన్లలో వాళ్ళు తలో కారణం కల్పించారు. సరిగ్గా నేర్పడం లేదన్నారు కొందరు. గదిలోని సామాన్లు ఏవో పోయాయన్నారు ఇంకొందరు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు గొంతు తగ్గించి అనుకున్నవి వీటికంటే పాడు మాటలు. అప్పుడే అక్కకు వంతెనకు అవతల, మలయా ఒడ్డున ఉన్న జొహోర్‌లో ఒక సంబంధం మాట్లాడుతున్నారు. ఈ గుసగుస వాళ్ళ చెవిన కూడా పడింది. ఎందుకు మానిపించారో తేలితేనే ముందుకు వెళ్దామని కబురు పంపారు.

"తప్పు సేసుంటే తప్పనే సెప్పమను. నలుగురి ముందూ సెప్పమను. అంతే గానీ ఇలాగ మూసిపెట్టొద్దను" అని అక్క మా అమ్మతో అనడం విన్నాను. అక్క సభ్యురాలు కాదు కనుక అడగలేదు. వాళ్ళ నాన్న పెదనాన్న చేతి కింద పనివాడు కనుక అడగడు. నాకు మాత్రం ఏ భయమూ కలగలేదు. ప్రశ్నల వేళ ఉన్నదే ఇందుకు కదా అనుకున్నాను.

ఆదివారం లేచి నిలబడి అడిగాను. "పక్కింటి అక్కను బడి నుంచి ఎందుకు మానిపించారు?"

పెదనాన్న నెమ్మదిగా లేచాడు. ఆయన మాటకారి అని తెలుసు కానీ అంత బాగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. సముద్రం దాటి వచ్చినా తల్లి భాషను వదలని మన జాతి గురించి చెప్పాడు. పిల్లల చదువుకు ఏ లోటూ రానివ్వనన్నాడు. ఆ అమ్మాయి మనందరి ఆడపడుచు, మన ఇంటి దీపం అన్నాడు. చెబుతూ చెబుతూ గొంతు బొంగురుపోయింది. ముందు వరసలో ఒకాయన తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. చప్పట్లు మోగాయి. నాకూ ఒళ్ళు పులకరించింది. చప్పట్లు ఆగాక చూసుకుంటే, నా ప్రశ్న నేను ఎక్కడ వదిలానో అక్కడే ఉంది.

మళ్ళీ లేచాను. "మరి ఎందుకు మానిపించారు, పెదనాన్నా?"

"కూకోమ్మా. ఒకలకి ఒకటే ప్రశ్న" అన్నాడు నవ్వుతూ.

"మళ్ళీ అడగొచ్చని పుస్తకంలో ఉంది. మీకు చదివి వినిపించాను కదా!"

"అది కెనడా తల్లీ. ఇది సెంబవాంగ్. ఇక్కడ తా బోలే!"

తా బోలే అంటే కుదరదని మలయ్ మాట. మార్కెట్‌లో బేరం తెగనప్పుడు అనే మాట అది. గదంతా ఒక్కసారిగా పగలబడి నవ్వింది. అక్క వాళ్ళ నాన్న కూడా నవ్వాడు. పక్కన మేస్త్రీ మనుషులు కూర్చుని ఉంటే నవ్వక ఏం చేస్తాడు?

బయటికి వచ్చాక పెదనాన్న ఎప్పటిలాగే సైకిల్ వంచి ఎక్కమన్నాడు. నడిచి వస్తానన్నాను. "కోపమేటే? నువ్వడిగినావు, నాను లేచినాను. ఇంకేటి కావాల?" అన్నాడు. నేను నడక మొదలుపెడితే, "కమిటీలో అనుకున్నవి బయట సెప్పకూడదు. పెద్దయితే నీకే తెలుస్తాది" అని సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ పుస్తకంలోంచి ఆయన తనకు కావలసిన సగం తీసుకున్నాడు. మనుషుల ముందు లేచి నిలబడే సగం ఉంచుకున్నాడు. మళ్ళీ అడిగే సగం, నా చేతే చదివించుకుని మరీ, పక్కన పడేశాడు. ఆ దారంతా నాకు ఏడుపు రాలేదు. నేరుగా అక్క వాళ్ళింటికి నడిచాను.

అక్క గడప దగ్గర కూర్చుని తోటకూర ఒలుస్తోంది. సభలో ఏం జరిగిందో అప్పటికే ఆమెకు తెలిసిపోయింది. నేను పక్కన కూలబడ్డాను.

"మీ పెదనాన్న సమాధానం సెప్పినాడు. జవాబు సెప్పలేదు" అంది తల ఎత్తకుండా.

"రెండూ ఒకటే కదక్కా?"

"ఏడిసే పిల్లని ఏటి సేత్తారు? సమాధానపరుత్తారు. ఏడుపు ఆగిపోద్ది. ఎందుకేడిసిందో మరి ఎవులూ అడగరు. జవాబు అలాటిది కాదు. సెప్పినోడు రేపు ఆ మాటకి దొరికిపోతాడు. అందుకే జవాబుదారీ అన్న మాటుంది. సమాధానదారీ అన్న మాట ఎక్కడైనా ఉందేటే?"

నేను ఎంత ఆలోచించినా ఆ మాట దొరకలేదు. ఆ తర్వాత ఏ నిఘంటువులోనూ దొరకలేదు.

అదే అక్క నాకు చెప్పిన చివరి పాఠం. జొహోర్ వాళ్ళు మళ్ళీ కబురు పంపలేదు. కొన్నాళ్ళకు అక్క కుటుంబం మలయాలో ఏదో రబ్బరు ఎస్టేటుకు, చుట్టాల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ గదిలో తెలుగు బడి మళ్ళీ తెరవలేదు. అక్కను ఎందుకు మానిపించారో నాకు ఈ రోజుకీ తెలియదు.

పెళ్ళయ్యి, పిల్లలు పుట్టి, దగ్గర్లోనే ఉన్న వుడ్‌ల్యాండ్స్‌లో ఫ్లాట్‌లోకి వచ్చాక నాకు మళ్ళీ లైబ్రరీ దొరికింది. కెనడా గురించి దొరికినదల్లా చదివాను. చదువుతుంటే ఇంకోసారి మోసపోయినట్టు అనిపించింది. అక్కడ మంత్రి లేచి అడిగినదానికే జవాబు చెప్పాలన్న నియమం లేదట. చెప్పింది జవాబో కాదో తేల్చడం స్పీకర్ పని కాదట. ప్రభుత్వ కాగితాలు అడిగి తీసుకునే చట్టం ఉంది కానీ, చాలాసార్లు వరసలకు వరసలు నల్లగా పూసి ఇస్తారట. మంత్రివర్గంలో అనుకున్నవి ఆ చట్టం కిందికి రావట. ఆ నల్ల పూత పూసిన పేజీ బొమ్మ ఒకటి చూసినప్పుడు, కమిటీలో అనుకున్నవి బయట చెప్పకూడదన్న గొంతు నా చెవిలో వినిపించింది. చిన్నప్పుడు నేను దాచుకున్న కెనడా ఆ రోజుతో పోయింది. కానీ చదవడం ఆపలేదు. ఆపకపోవడం వల్లే ఇంకొకటి కూడా తెలిసింది. అక్కడ నల్ల పూత వెనక ఏముందని కోర్టు దాకా వెళ్ళి అడిగేవాళ్ళున్నారు. సభలో రెండో ప్రశ్నకు లేచినవాళ్ళను కూర్చోమనడానికి మంత్రికి హక్కు లేదు.

ఈ మధ్య మా మనవరాలు యూనివర్సిటీలో ఆ పార్లమెంటు మీదే వ్యాసం రాస్తూ వీడియోలు చూస్తోంది. "అమ్మమ్మా, ఈ మినిస్టర్ ఆ... టాక్ టాక్ టాక్, బట్ నెవర్ ఆన్సర్ లా!" అంది చిరాగ్గా, ఇక్కడి పిల్లల ఇంగ్లిష్‌లో.

"చప్పట్లు కొట్టారా?" అన్నాను.

"యా, ఫుల్ చప్పట్లు. హౌ యు నో?"

అప్పుడు దానికి ఈ కథంతా చెప్పాను. జవాబుదారీ అన్న మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో ఫోన్‌లో రాసుకుంది.

పెదనాన్న మీద నాకు ప్రేమ పోలేదు. పోయి ఉంటే ఇంత నొప్పి ఉండేది కాదు. ఆఖరి రోజుల్లో మంచాన పడితే గంజి పట్టింది నేనే. అప్పుడు కూడా అడిగాను. ఆయన నా తల నిమిరాడు. అదీ సమాధానమే.

ఆ రోజు నుంచి నా వెంట ఉన్నది ఒక్క అలవాటు. ఎవరైనా నాతో అందంగా మాట్లాడినప్పుడు, వాళ్ళ మాట అయ్యేదాకా వింటాను. తర్వాత నా ప్రశ్న ఎక్కడుందో చూసుకుంటాను. అక్కడే ఉంటే మళ్ళీ అడుగుతాను. మా ఇంట్లోవాళ్ళు దీన్ని మొండితనం అంటారు.

ఇది రాయడంలో సాయం చేసినవాళ్ళకు కృతజ్ఞత చెప్పుకోవాలి. నా చేతిరాతను ఓపికగా టైపు చేసింది పక్క బ్లాకులోని మాధవి. కెనడా పుస్తకాలు వెతికి నా చేతికిచ్చింది లైబ్రరీలో పనిచేసే నూరుల్. ఆ రోజుల గురించి తన తల్లి చెప్పిన మాటలు గుర్తుచేసుకుని నాకు చెప్పింది మా వదిన ఎర్రయ్యమ్మ. ఇలాంటివి ఇప్పుడెందుకని అడగకుండా రాయమన్నది మనవరాలు హారిక. ఇక పక్కింటి అక్క. ఆమె పేరెత్తడానికి మా లైన్లలో వాళ్ళు జంకారు, నేనూ ఇంతవరకూ అలాగే రాసుకొచ్చాను. ఆమె పేరు పైడితల్లి. సెంబవాంగ్ లైన్లలో పిల్లలకు తెలుగు నేర్పింది పైడితల్లి అక్క. ఆమెను ఎందుకు మానిపించారో ఈ జ్ఞాపకాల పుస్తకం చదివేవాళ్ళలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

మళ్ళీ అడుగుతున్నాను.