కాశిబుగ్గలో మా నాయినకు చోటిచ్చిన ఇల్లు

వరంగల్ వెళ్తున్నామంటే చాలు, మా బంధువుల పిల్లలు నన్ను దారి అడుగుతారు. కోట ఎప్పుడు చూడాలి, గుడికి ఏ వేళకు వెళ్లాలి అంటే నాకంటే వాళ్ల ఫోనే నయం. నాకు బాగా తెలిసిన దారి ఒక్కటే, రైల్వేస్టేషన్ దగ్గర నుంచి కాశిబుగ్గ మీదుగా ఎనుమాముల వైపు పోయేది. ఇప్పుడు ఆటో ఎక్కి కబుర్లు మొదలుపెట్టేలోపు కాశిబుగ్గ వచ్చేస్తుంది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి రాసులు చూడాలనుకునేవాళ్లు పొద్దున్నే వెళ్లి, ముక్కుకు రుమాలు కట్టుకుంటే సరిపోతుంది. పంతొమ్మిది వందల అరవైల మొదట్లో, ఒక వేసవిలో, అదే దారిలో బయల్దేరిన మేం మాత్రం కాశిబుగ్గ దాటలేకపోయాం.

మాది ఎనుమాముల అవతల చిన్న పల్లె. మా నాయిన యాకోబు పత్తి, వరి పండించేవాడు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. ఆ గొంతుకు వెనక వరుసలో ఎవరికీ కునుకు పట్టేది కాదు. నాకప్పుడు ఇరవై ఏళ్లు, హనుమకొండలో టీచర్ ట్రైనింగ్ చదువుతున్నాను. ఆ ఎండాకాలం నాయినకు ఊపిరితిత్తుల్లో నీరు చేరి వరంగల్ దవాఖానలో పడ్డాడు. ఒకరోజు తెల్లవారగానే డాక్టరు అమ్మను పక్కకు పిలిచి, మందులతో అయ్యేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండి అన్నాడు. నాయిన అడుగుతున్నదీ అదే. "ఇంటికి వోదాం మార్తా. మన ఇంట్ల పంటె సాలు," అన్నాడు అమ్మతో.

ఎనిమిది గంటలకు మా ఊరి వైపు పోయే నర్సంపేట బస్సు ఉండేది. నేను, అమ్మ, మా మేనమామ దానియేలు కలిసి నాయినను పట్టుకుని బస్సు దాకా తెచ్చాం. కండక్టరు ఆయన మొహం చూసి మెట్టు మీదే ఆపేశాడు. "నడుమల ఏమన్న అయితే బస్సు ఆపుడు పడ్తది పెద్దమ్మా. ఇంతమందిని నేనేడ దింపాలె? తప్పు పట్టకుండ్రి," అన్నాడు. అతని మీద కోపం తెచ్చుకోవడానికి కూడా లేదు, రిక్షాను పిలిచి నాయినను ఎక్కించింది అతనే. రిక్షా అతను రూపాయికి ఒప్పుకున్నాడు. "కాశిబుగ్గ దాంక తీస్కపోత. ఆడికెల్లి ఎడ్లబండి మాట్లాడుకోండ్రి. మట్టిబాటల నా బండి ఎగిరితే అయ్యకు తక్లీఫ్ అయితది," అన్నాడు. అమ్మ నాయినను ఆనించుకుని కూర్చుంది. మామ, నేను రిక్షా వెంట నడిచాం.

ఆ రోజుల్లో కాశిబుగ్గ వచ్చిందని కళ్లు మూసుకున్నా తెలిసేది. ఇంటింటా మగ్గం చప్పుడు, గల్లీ నిండా గంజి వాసన. ఆ వాసన ఇప్పటికీ నాకు ఇష్టం. బండి దొరుకుతుందని ఒక గల్లీలోకి తిరిగాం. అక్కడ గల్లీ పొడవునా పడుగు చాపి ఉంది. పడుగంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు. వాటికి గంజి పట్టించి, ఆరేదాకా కుంచెతో దువ్వుతూనే ఉండాలి. మధ్యలో ఎత్తితే పోగులన్నీ అతుక్కుపోతాయి. ఆరేదాకా ఆగాల్సిందే. ఆగినచోటే నాయిన తల అమ్మ భుజం మీదికి వాలిపోయింది, ఊపిరి గురక పట్టింది.

ఎదురుగా పెంకుటిల్లు. అరుగు మీద ఒక పెద్దావిడ నూలు కండెలు చుడుతోంది. పేరు నర్సమ్మ అని తర్వాత తెలిసింది. దానియేలు మామ ముందుకెళ్లి, "జర జ్వరమొచ్చింది అవ్వా, ఓ గంట పండవెట్టుకుంటం," అన్నాడు. అమ్మ రిక్షాలోంచే ఆ మాటను కొట్టేసింది.

"జ్వరం కాదక్కా. దవాఖానోళ్లు ఇడిసిపెట్టిండ్రు. ఊరు దాంక ఉంటడో ఉండడో తెల్వది. ముందుగాల్నే చెప్తాన, తర్వాత మోసం చేసిండ్రనుకోవద్దు."

నర్సమ్మ లోపలికి చూసి కొడుకు సాంబయ్యను పిలిచింది. అతను మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడు, సంగతి విన్నాడు, పంచాంగం చూసే పొరుగాయన దగ్గరికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి మొహం మాడిపోయింది. "ధనిష్ఠ నడుస్తాందట. రేపటి దాంక పోదట," అన్నాడు.

తెలియనివాళ్లకు చెప్పాలి. ఆ నక్షత్రంలో ఇంట్లో ఎవరైనా పోతే ఆరు నెలలు ఆ ఇల్లు పాడుపెట్టాలి. అందరూ బయటికొచ్చి, తలుపుకు ముళ్లకంప కొట్టి, దీపం లేకుండా వదిలేయాలి. మేం క్రైస్తవులం, మాకు నక్షత్రాలు లేవు. కానీ ఇల్లు మాది కాదు కదా. వాళ్ల కూడూ గుడ్డా ఆ ఇంట్లోనే ఉన్నాయి. మగ్గం గుంట నేలలో తవ్వింది, ఎత్తుకుపోయేది కాదు. పెళ్లిళ్ల చీరలకని కొత్త పడుగు అప్పుడే ఎక్కించారు.

సాంబయ్య చేతులు జోడించాడు. "అరుగు మీద పండవెట్టుండ్రి చిన్నమ్మా. ఎండ తగలకుంట చెద్దరు కడ్త, నీళ్లిస్త, పక్కనే కూసుంట. లోపటికి మాత్రం వద్దు," అన్నాడు. అందులో తప్పేమీ లేదు. నాయిన కళ్లు తెరవకుండానే, "బయటనే మంచిగుంటది బిడ్డా," అన్నాడు. ఇంట్లో పడుకోవాలని దారి పొడవునా అడిగిన మనిషి ఆ మాట అనేసరికి నాకు ఏడుపు ఆగలేదు.

నర్సమ్మ కండె కింద పెట్టింది. "సాంబయ్యా, మీ అయ్యను యాడ పండవెడ్తిమి?"

"ఇప్పుడు గదెందుకవ్వా?"

"గీ అరుగు మీదనే. ఇల్లు పాడైతదని జీవముండంగనే బయటేస్తిమి. తానే కట్టిన ఇంటిదిక్కు సూసుకుంట సూసుకుంట పోయిండు. నన్ను ఒక్క మాట అనలే. గీ ఇంట్ల నాకు గప్పటి సంది నిద్ర యాడున్నది? పాడైతే కానియ్యి, ఆరు నెల్లే గద. లోపటికి వట్టుండ్రి."

నాయిన భుజాల కింద చెయ్యి వేసింది సాంబయ్యే.

మగ్గం పక్కన చాప వేశారు. మట్టి గోడల చల్లదనానికి నాయిన ఊపిరి కొంచెం తేలికపడింది. నర్సమ్మ చెంబు పట్టుకొచ్చి, "తులసి నీళ్లు చెల్లే, మీకు పట్టింపు ఉంటదా?" అని అడిగింది. "నీళ్లు నీళ్లే అక్కా, పొయ్యి," అంది అమ్మ. ఆవిడే మాకు గట్క పెట్టి, తినకపోతే ఊరుకోనని పక్కనే కూర్చుంది. జొన్నరవ్వతో వండిన గట్క, పచ్చిమిరపకాయ తొక్కు. అంత దుఃఖంలోనూ ఆ తొక్కు రుచిగా ఉందని తోచి సిగ్గుపడ్డాను.

సాంబయ్య పని ఆపి గోడకానుకుని నిలబడ్డాడు. నాయిన చేత్తో సైగ చేశాడు. "ఆపకు బిడ్డా. చప్పుడు మంచిగున్నది." సాంబయ్య గుంటలోకి దిగాడు. సాయంత్రం నుంచి ఆ మగ్గం ఆగిపోతుందని అతనికి తెలుసు. అయినా ఒకే తూగులో నేస్తూ కూర్చున్నాడు. ఆ చప్పుడు మీద అమ్మ నాయినకిష్టమైన పాట సన్నగా అందుకుంది. ఎండ వాలేవేళకు నాయిన పోయాడు. మొహంలో బాధ లేదు. అప్పటికి పడుగు ఎత్తేశారు, ఎడ్లబండి గుమ్మం దాకా వచ్చింది.

వాళ్లు మాట ప్రకారం ఇల్లు వదిలారు. బంధువుల కొట్టంలో కాపురం, వేరేవాళ్ల మగ్గం మీద కూలి నేత. అమ్మ పంట ఇంటికి రాగానే బియ్యం పంపితే నర్సమ్మ సగం వెనక్కి పంపింది. ఆరు నెలలు గడిచాక సాంబయ్య మా ఊరికి వచ్చి, ఇంట్లోకి చేరుతున్నాం రమ్మని పిలిచాడు. మేం వెళ్లేసరికి ముళ్లకంప తీసేసి గుమ్మానికి పసుపు రాశారు. శుభకార్యం కదా అని అమ్మ అందరికీ వెనక, గోడ పక్కన నిలబడింది. నర్సమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. "ముత్తైదువలు ముందుగాల పోవాలె గదా," అని ఎవరో గొణిగారు. "ఆరు నెలల సంది గిది యాకోబు ఇల్లు. ఆయన మనిషి పోకుంటె ఎవలు పోవాలె?" అంది నర్సమ్మ. ఇద్దరు విధవలు చేతులు పట్టుకుని గడప దాటారు. ఆ వెనకే మేమంతా లోపలికి వెళ్లాం.

ఇప్పుడు అక్కడ డాబాలు లేచాయి, మగ్గాల చప్పుడు వినాలంటే వెతకాలి. నేను మాత్రం ఆ గల్లీ దగ్గర ఆటో దిగి కాసేపు నడుస్తాను. ఎవరైనా ముక్కూమొహం తెలియని మనిషిని చివరి ఘడియల్లో నా గుమ్మానికి తెస్తే నేను తలుపు తీస్తానా అని నన్ను నేనే అడుగుతుంటాను. తీస్తాననే అనుకుంటాను కానీ, ఒట్టు వేసి చెప్పలేను. నర్సమ్మ పోగొట్టుకున్నంత పోగొట్టుకోవాల్సి వస్తే ఏం చేస్తానో నాకు తెలియదు. అందుకే ఆవిడంటే నాకు ఇంత గౌరవం. ఆ దారిలో వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే. జబ్బుమనిషితో ప్రయాణిస్తూ ఎవరి గుమ్మం ముందైనా ఆగాల్సివస్తే, మంచినీళ్లు అడగకముందే ఉన్న సంగతి చెప్పండి.