బడ్జెట్టుకు బొట్టు పెట్టి పిలిచిన మెంబరమ్మ

మా మెంబరమ్మ పోయింది. పోయిన వారం మదనపల్లెలో, ఆసుపత్రిలో, తెల్లవారే వేళకు. కుప్పంలో నేను బడికి బయలుదేరడానికి జడ వేసుకుంటుంటే మా అమ్మ ఫోన్ చేసింది. "మెంబరమ్మ పోయింది మే" అంది. తరవాత, "ఇంగ మన నీళ్ళ సంగతి ఎవురు అడగతారో" అంది. ఈ రెండు మాటలకూ సంబంధం ఏమిటో మా కాలనీలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మిగతా వాళ్ళ కోసం చెబుతాను.

ఇప్పుడే ఎందుకు రాయాల్సి వచ్చిందో ముందే చెప్పడం మంచిది. మా పంచాయతీ బడ్జెట్టు మార్చి నెల దాటకముందే ఆమోదం పొందాలి. ఈ నెలలో ఇప్పటికే రెండుసార్లు సమావేశం పెట్టారు. రెండుసార్లూ కోరం లేదని వాయిదా వేశారు. అంటే, చాలినంతమంది వార్డు మెంబర్లు రాలేదు. నెలాఖరుకు మళ్ళీ పెడతారట. ఇలాంటప్పుడు ఇంటింటికీ పోయి వాళ్ళను లేపుకొచ్చే మనిషి ఒక్కతే ఉండేది. ఆ మనిషి ఇప్పుడు లేదు.

మా ఊరు పుంగనూరుకూ మదనపల్లెకూ మధ్య, పెద్ద రోడ్డుకు కొంచెం లోపలగా ఉంటుంది. ఊరు అయిపోయి మా కాలనీ మొదలయ్యే చోట ఆమె ఇల్లు. టమోటా పెట్టే రైతు కుటుంబం. నేను పుట్టకముందు ఎప్పుడో ఒక్కసారి వార్డు మెంబరుగా గెలిచింది. పదవి అయిదేళ్ళకు పోయింది, పేరు మాత్రం పోలేదు. ఊరందరికీ మెంబరమ్మ, నాకు అవ్వ. మా అమ్మ ఆమె తోటలో కాయలు కోసేది. నేను బడి నుంచి వచ్చి ఆమె అరుగు మీద కూర్చుని చదువుకునేదాన్ని. మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటి మనిషిని నేనే కాబట్టి, నాకు పాఠం అప్పజెప్పించుకునేవాళ్ళు ఇంట్లో లేరు. అవ్వ అనపకాయలు ఒలుచుకుంటూ వినేది. అర్థం కాని చోట "మళ్ళీ సెప్పు" అనేది. చాలాసార్లు నాకు కూడా అర్థం కాని చోటు అదే అయ్యేది.

సాంఘికశాస్త్రంలో పంచాయతీ పాఠం వచ్చిన రోజు మాత్రం ఆమె చేతులు ఆగిపోయాయి. "బడ్జెట్టు ఆమోదించుట సభ్యుల విధి" అని నేను చదివాను.

"అట్లనే రాసిండారా?" అంది.

"ఊ."

"నేను గెలిచినప్పుడు నాకెవురూ సెప్పలే మే. గెలిచింది నేను, కుర్చీలో కూర్చునింది మా ఇంటాయన. సంతకానికి పుస్తకం ఇంటికే వచ్చేది. పొయ్యి కాడ తడి చెయ్యి తుడుచుకోని పెట్టేదాన్ని."

ఆ తరవాతిది ఆమె ఒకేసారి చెప్పలేదు. కొన్ని సాయంత్రాలు పట్టింది. ఆమె మెంబరుగా ఉన్నప్పుడు ఒక మార్చిలో సర్పంచికీ ఉపసర్పంచికీ పడక మెంబర్లంతా రెండు జట్లయిపోయారు. ఎవరూ సమావేశానికి పోలేదు. మెంబరమ్మ భర్త కూడా పోలేదు, ఆమెను పోనివ్వలేదు. బడ్జెట్టు లేకుండానే ఎండాకాలం వచ్చింది. కాలనీ బోరు మోటారు కాలిపోయింది. ఆమోదం లేనిదే నేను రూపాయి ఖర్చు పెట్టలేనని పంచాయతీ కార్యదర్శి చేతులెత్తేశాడు. మా కాలనీ ఆడవాళ్ళు ఎక్కడో చేల మధ్య ఉన్న బోరు దాకా నడిచారు. వాళ్ళలో మా అమ్మ ఉంది. కొత్తగా కాపురానికి వచ్చిన రోజులు.

"నా వాకిలి ముందర నుంచే బిందెలెత్తుకోని పోయినారు" అంది అవ్వ. "ఒగరూ నన్ను ఒగ మాట అన్లే. అనింటే బాగుండు."

భర్త పోయిన తరవాత ఆమె మార్చి నెల వస్తే మెంబర్ల ఇళ్ళకు తిరగడం మొదలుపెట్టింది. మొదట్లో మామూలుగా అడిగేది. వాళ్ళు "సరే మెంబరమ్మా" అనేవాళ్ళు. వచ్చేవాళ్ళు కాదు. ఇలా ఉండగా పెద్దమండ్యంలో ఏదో పెళ్ళికి పోయి వచ్చింది. వచ్చిన సాయంత్రమే మా ఇంటికొచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"మాటల్లేని దాయాదులు కూడా వచ్చి బంతిలో కూర్చున్న్యారు" అంది మా అమ్మతో. "యాల వచ్చినారో తెలుసునా? పెండ్లికూతురి తల్లి పోయి బొట్టు పెట్టి పిలిచింది. నీ బిడ్డను రేపు నాతో పంపు."

"యాడికమ్మా?"

"మీటింగుకు పిలిసేదానికి."

మా అమ్మకు నవ్వాలో భయపడాలో తెలియలేదు. "బడికి పోయే బిడ్డ. పెద్దోళ్ళ ఇండ్లు. మా బిడ్డ చేతి బొట్టు పెట్టించుకుంటారా?"

"నా చేతిది అసలే పెట్టించుకోరు కదా" అంది అవ్వ. ఆమె నుదురు భర్త పోయిన రోజు నుంచి ఖాళీ. "నాకు నోరుండాది, దానికి చెయ్యి ఉండాది. ఇద్దరం కలిస్తే ఒగ ముత్తైదువ."

అలా మొదలైంది. ఎనిమిదో తరగతి పిల్లను, స్కూలు యూనిఫాం, చేతిలో కుంకుమ భరిణె. వెనక అవ్వ, కొంగులో ఆకూ వక్కా. ఆడ మెంబర్లకు బొట్టు, మగ మెంబర్లకు ఆకు వక్క. మొదటి ఇల్లు ఎరువుల అంగడి పెట్టుకున్న మెంబరుది. ఆయన తాంబూలం చూసి పగలబడి నవ్వాడు.

"ఎవురి పెండ్లి మెంబరమ్మా?"

"నీళ్ళ పెండ్లి. రేపు పదకొండు గంటలకు ముహూర్తం, పంచాయతీ ఆఫీసులో."

"భోజనం ఏముండాది?"

"వస్తే టీ. రాకుంటే ఏప్రిల్లో నీ అంగడి ముందర మా బిందెలు."

ఆయన నవ్వుతూనే ఆకు వక్క తీసుకున్నాడు. తీసుకున్నాక చేతిలో దాన్ని చూసుకుని నవ్వు ఆపాడు. తాంబూలం పుచ్చుకుని రాకపోవడం అంటే ఏమిటో ఆయనకు తెలుసు.

ఇంకో ఇంట్లో మెంబరు, నాకు అక్కయ్యే వయసున్న అమ్మాయి. మేము వెళ్ళగానే భర్త ఎదురొచ్చి, "ఏంది విషయం? నాకు సెప్పండి, నేనే పోతాను మీటింగుకు" అన్నాడు. అవ్వ నన్ను ముందుకు తోసింది. నేను ఆయన పక్కనుంచి లోపలికి పోయి, పిండి చేతులతో నిలబడిన ఆమె నుదుట బొట్టు పెట్టాను. "రేపు మీటింగుకు రాండక్కా" అన్నాను, నేర్పినట్టే.

"ఆమెకేం తెలుసు మెంబరమ్మా" అన్నాడు భర్త.

"బొట్టు ఎవురికి పెట్టింది నాయనా? నీకు పెట్టిందా? పెట్టించుకుంటే సెప్పు, నీకూ పెడతాది."

లోపల ఆ అక్క నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది. మరుసటి రోజు ఆమే వచ్చింది. బొట్టు చెరపకుండా అలాగే ఉంచుకుని వచ్చింది.

అన్ని ఇళ్ళూ అలా లేవు. ఒక పెద్ద ఇంట్లో ఆవిడ నా చెయ్యి దగ్గరకు రాగానే తల వెనక్కి తీసుకుంది. భరిణె ఇటివ్వు, నేనే పెట్టుకుంటానంది. అవ్వ భరిణె ఇవ్వనివ్వలేదు. "ఓట్లడిగినప్పుడు దాని తల్లి చెయ్యి పట్టుకున్న్యావు కదమ్మా, అప్పుడు నీ చెయ్యి కాల్లేదే" అంది, గొంతు పెంచకుండా. ఆవిడ చాలాసేపు నిలబడింది. మేమూ నిలబడ్డాం. చివరికి తల ముందుకు వంచింది. ఆ రోజు బొట్టు వంకరగా పడింది. బయటికొచ్చాక అవ్వ, "వంకరైనా పిలుపు పిలుపే" అంది.

ఆ ఏడు కోరం నిండింది. అవ్వ ఆఫీసు మెట్ల మీద కూర్చుంది, పక్కన నేను. కార్యదర్శి కాగితాలు తిప్పి సంతకాలు పెట్టించుకోబోతుంటే కిటికీ లోంచి, "సదవప్పా. మాకు ఇనపడేట్ల సదువు" అంది. ఆయన విసుక్కుంటూ చదివాడు. చెత్త బండి, వీధి దీపాలు, బోరు మరమ్మతు, ఎండాకాలం ట్యాంకర్లు. ట్యాంకర్ల మాట రాగానే లేచి కొంగు దులుపుకుని, "పద మే, ఆకలేస్తాంది" అంది. అదే ఆమె గెలుపు. ఎవరికీ చెప్పుకోలేదు.

ఇక్కడ ఆపేస్తే బాగుంటుంది కానీ నిజం కాదు. ప్రతి ఏడూ అలా జరగలేదు. ఒక ఏడు బొట్టు పెట్టించుకుని కూడా రాలేదు. ఒక ఏడు వచ్చి, సంతకం పెట్టి, లెక్క వినకుండా, టీ కూడా తాగకుండానే వెళ్ళిపోయారు. ఎన్నికలైతే మెంబర్లు మారేవాళ్ళు, మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. నాకు విసుగొచ్చేది. డిగ్రీకి కుప్పం వెళ్ళాక కూడా మార్చిలో ఒక ఆదివారం దీని కోసం బస్సెక్కేదాన్ని. ఒకసారి దారిలో అడిగేశాను. "వాళ్ళ పని వాళ్ళు చేసేదానికి మనం బతిమాలేది యాల అవ్వా? ఓట్లేసినాం కదా."

ఆమె ఎవరి గోడనో పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకుంది. అప్పటికే మోకాళ్ళు పట్టేసేవి.

"బతిమాలడంలే మే. బతిమాలితే కాదనొచ్చు. పిలిస్తే కాదనేదానికి మొహం సెల్లదు. పెండ్లికి పిలిస్తే పోతారు. సావుకు పిలవకపోయినా పోతారు. ఈ పనికి మాత్రం పిలిచినా రారు. ఏం చేద్దాం, మళ్ళా పిలుద్దాం."

ఇప్పుడు కుప్పంలో ఒక ప్రైవేటు బడిలో అదే సాంఘికశాస్త్రం చెబుతున్నాను. "ఆమోదించుట సభ్యుల విధి" అనే వాక్యం ఇంకా అలాగే ఉంది. మొన్న ఒక పిల్ల లేచి, "ఆమోదించకపోతే ఏమైతాది మిస్?" అని అడిగింది. పుస్తకంలో దానికి జవాబు లేదు. నేను మా అమ్మ బిందె గురించి చెప్పాను.

ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడు ఆమె చెయ్యి చాలా తేలికైపోయింది. నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసి, "మీటింగు అయిందా?" అని అడిగింది.

"కోరం లేదంట అవ్వా. వాయిదా వేసినారు."

కళ్ళు మూసుకుంది. "అలిసిపోయినా బిడ్డా" అంది. ఆ మాట ఆమె నోట వినడం అదే మొదలు. కళ్ళు తెరవకుండానే, "ఈ తూరి ఇండ్లకు నువ్వు పోయిరా" అంది.

"నువ్వు లేకుండా నేనేం మాట్లాడతా అవ్వా?"

"బొట్టు పెట్టేదానికి నోరు యాల?"

ఆమె దహనానికి నేను మధ్యాహ్నానికి అందుకున్నాను. వాకిట్లో జనం. సర్పంచి వచ్చారు, ఉపసర్పంచి వచ్చారు, ఒకరికొకరు ఎడంగా నిలబడ్డారు. ఎరువుల అంగడి ఆయన వచ్చాడు. తల వెనక్కి తీసుకున్న పెద్దింటి ఆవిడ వచ్చి కాళ్ళకు దండం పెట్టుకుంది. వాళ్ళిద్దరూ ఇప్పుడు మెంబర్లు కారు. ఇప్పటి మెంబర్లు మాత్రం ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఒక్కరు తక్కువ కాకుండా వచ్చారు. ఎవరూ పిలవలేదు. సావుకు పిలుపు ఉండదు కదా. మా అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నా చెవిలో, "కోరం నిండింది సూడు మే. ఈడనే పెట్టేసింటే అయిపోయేది" అంది. ఏడుస్తూనే అంది. నాకు ఆ క్షణంలో ఏడుపు ఆగిపోయి, కోపం కూడా రాక, ఉత్త అలసట వచ్చింది. వాళ్ళలో ఎవరికీ ఆమె మీద ప్రేమ లేదని నేను అనను. ఉంది. ఆమె కోసం మండుటెండలో అంతసేపు నిలబడ్డారు. ఆమె అడిగిన ఒక్క పనికి ఒక్క పూట కూర్చోవడమే కుదరలేదు. ఆ తరవాత మూడు రోజులకు రెండో సమావేశం. మళ్ళీ కోరం లేదు.

మా మెంబర్లకు ఈ పత్రిక అందుతుందని తెలుసు కాబట్టి ఇక మీతోనే మాట్లాడతాను. అమ్మా, అప్పా, ఈ ఆదివారం నేను ఊరికి వస్తున్నాను. భరిణె మా అమ్మ చింతపండుతో తోమి కిటికీలో పెట్టిందట. అన్ని ఇళ్ళకూ వస్తాను. మాట్లాడటం నాకు ఆమెలా రాదు, గుమ్మంలో నిలబడతాను, అంతే. ఎండలు అప్పుడే ముదిరాయి. కాలనీ బోరు ఇప్పటికే ఆగి ఆగి పోస్తోంది.

ఒకసారి ఒక చిన్న వయసు మెంబరమ్మాయి నాతో బొట్టు పెట్టించుకుని, మర్యాదకు తిరిగి పెట్టాలని వేలికి కుంకుమ అద్దుకుని పొరపాటున అవ్వ వైపు తిరిగింది. అందరం బిగుసుకుపోయాం. అవ్వ ఆ వేలిని తన రెండు చేతులతో పట్టుకుని మెల్లగా దించింది. "నాకు బొట్టు యాల తల్లీ. జవాబు సెప్పు, సాలు" అంది. ఎర్రటి వేలు ఇంకా అవ్వ చేతుల్లో ఉండగానే ఆ పిల్ల "వస్తా" అంది.

మీరూ ఆ ఒక్క మాట చెప్పండి. వస్తామనో, రామనో. రాకపోతే ఎందుకు రారో. ఈ నెల ఇరవై ఐదో తేదీలోగా చెప్పండి.