పొట్టి రెక్కల ఇలకోడి

నవ్వుతారని తెలిసే చెప్తున్నా, నవ్వండి. మొన్న సోమవారం పదిమందినీ పిలిచి, స్వీట్లు పంచి మరీ నా పరువు నేనే తీసుకున్నా!

నేను నందిగామలో ఓ ప్రైవేట్ కాలేజీలో జువాలజీ చెప్తాగా. జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సే. ఈ ఏడు మా గ్రూపులో చేరింది నలుగురంటే నలుగురు. "వచ్చే ఏడు తీసేద్దాం మేడమ్" అన్నారు కరస్పాండెంట్ గారు. ఇరవై రెండేళ్ళ సర్వీసండీ! అన్నం సయించలేదు.

ఆ దిగుల్లో ఉండగానే వేదాద్రిలో మా ఆడపడుచు ఓ ఇలకోడిని, అదే కీచురాయిని, డబ్బాలో పెట్టిచ్చింది. "మిరప నారంతా కొరికి బొరియలోకి లాక్కుపోతోంది వదినా, ఇదేం పురుగో చూడు" అంది.

బొటనవేలంత లావుంది! రెక్కలు మాత్రం వీపు మీద చిన్న తునకలు, అంతే. నేల ఇలకోళ్ళలో ఏది ఏ జాతో తేల్చాలంటే రెక్కలు చూడాలి. పుస్తకాలన్నీ తిరగేసా. ఇంత పెద్దదానికి ఇంత పొట్టి రెక్కలు ఎక్కడా లేవు. కొత్త జాతే!

హైదరాబాద్‌లో పురుగుల మీద పనిచేసే ఓ సార్‌కి ఫోన్ చేసా.

"పూర్తిగా ఎదిగిందేనా అమ్మా? పిల్ల కాదుగా?"

"ఇంత సైజు పిల్లేంటి సార్!" అని నవ్వా కూడా.

సోమవారం కరస్పాండెంట్ గారిని, స్టాఫ్‌ని ల్యాబ్‌కి పిలిచా. "మన కాలేజీ పేరు పేపర్లో వస్తుందండి, గ్రూపు తీసెయ్యకండి" అని మొదలెట్టా. కుటుంబం, ప్రజాతి, జాతి... బోర్డు నిండా రాస్తున్నా. ఇంతలో మా అటెండర్ మస్తాన్ గారు, "మేడమ్, మీ పురుగు వీపు పగిలిపోతోందండీ!" అని అరిచారు.

వెనక్కి తిరిగా. కుబుసం విడిచి పాలలా తెల్లగా బయటికొస్తోంది. అందరూ వంగి చూస్తున్నారు. ముడతలు విప్పుకుంటూ, తీరిగ్గా... రెక్కలు! పొట్ట చివరిదాకా!

"అయితే ఇదిప్పుడు ఏ జాతండీ?" కరస్పాండెంట్ గారు పాపం శ్రద్ధగానే అడిగారు.

"మన చేలల్లో ఉండే మామూలుదేనండి. ఇందాకటిదాకా పిల్ల" అన్నా.

ఆయన సగం లడ్డూ తిని, మిగతా సగం ప్లేట్లో పెట్టి, "పోన్లెండి మేడమ్" అని వెళ్ళిపోయారు. గురువారం నోటీసు వచ్చింది. గ్రూపు లేదు.

పిల్ల పురుగుకి రెక్కలు పొట్టిగా ఉంటాయి, ఆఖరి కుబుసం విడిచాకే పూర్తిగా వస్తాయి. ఏటా ఫస్టియర్ వాళ్ళకి నేను చెప్పే పాఠమే అది. ఇరవై రెండేళ్ళు చెప్పానే, ఒక్క ఏడన్నా ఆ క్లాసు నేను వినుంటే ఎంత బావుండేదండీ!