చెయ్యి తెగిన సీసం సేనాపతి

మార్కాపురంలో రామతులసమ్మ ఇంట్లో ఆమె చూడకుండా పాలు కూడా పొంగేవి కావు. పాలవాడు చెంబు దించగానే అందులో వేలు ముంచి, ఆ వేలిని వెలుతురులో పెట్టి చూసేది. అప్పటికి రాష్ట్రం ఏర్పడి మూడేళ్ళు. సేర్లూ వీశెలూ పోయి కిలోలు వస్తాయట అని ఎవరో అంటే, "వస్తాయి. మన దగ్గర ఏదో కొట్టెయ్యడానికే వస్తాయి" అని పాత తూకపురాళ్ళన్నీ పెట్టెలో దాచి తాళం వేసింది. ఇంట్లో ఏ తాళానికైనా రెండో తాళంచెవి ఆమె కొంగున ఉండేది. వీధివైపు గదిలో అద్దెకున్న జీవానందానికి ఆ సంగతి తెలియదు.

జీవానందం గిద్దలూరువాడు. రెండో ప్రపంచయుద్ధంలో పట్టాళంలో పనిచేసి వచ్చి, గడియారాలు బాగుచేసుకుంటూ ఒంటరిగా బతికేవాడు. అతడి చెయ్యి తగిలితే ఆగిన గడియారం నడవడమే కాదు, ఆగిపోయిన రోజులన్నిటినీ పరుగెత్తి అందుకుంటుందని బజారులో చెప్పుకునేవారు. మూడేళ్ళుగా వెతికినా అతడిలో రామతులసమ్మకు ఒక్క తప్పూ దొరకలేదు. ఆమె అనుమానానికి అదే మొదటి కారణం.

రెండో కారణం మొగుడి చెయ్యి. నాగేశ్వర్లు పలకల వ్యాపారి. ఉగాది వెళ్ళిన వారానికి కుడిచెయ్యి పైకి లేవడం లేదన్నాడు. వైద్యుడు పట్టి చూశాడు, గుంజి చూశాడు, ఏమీ లేదన్నాడు. ఏమీ లేకపోతే చెయ్యెందుకు వేలాడుతుంది? రెండు నెలలుగా ఆమే అన్నం కలిపి ముద్దలు పెడుతోంది. బడులు తెరిచే కాలం ముంచుకొస్తుంటే, కార్ఖానాలో కూర్చుని పలకలను గడ్డిలో పేర్పించి పెట్టెలకు మేకులు కొట్టించే పని కూడా ఆమె మీదే పడింది. నాగేశ్వర్లు మాత్రం మధ్యాహ్నాలు జీవానందం గదికి పోయేవాడు. పట్టాళంలో నేర్చిన నూనె మర్దనా ఒకటి ఉందట.

ఒకరోజు ఆమె కార్ఖానా నుంచి పెందలాడే వచ్చి గోడకు చెవి ఆనించింది. ఎముకలు దొర్లినట్టు ఏదో గలగలలాడింది. తర్వాత జీవానందం గొంతు.

"పన్నెండుమందిలో ఐదుగురు పోయినారు. ఆ గుట్ట ఎనక ఉండేటోళ్ళే మిగిలింది. వాళ్ళను ఎల్లుండి చంపుదాం."

మొగుడి గొంతు వినపడలేదు. మత్తుమందు పెట్టి పడుకోబెట్టాడేమో అనుకుంది.

మర్నాడు జీవానందం గిద్దలూరు రైలెక్కాడు. రైలు కూత వినపడ్డాక రామతులసమ్మ గది తాళం తీసింది.

నేలంతా పలకలే. వాటి మీద బలపంతో బాటలు గీసి ఉన్నాయి. విరిగిన పలకముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి గుట్టలు కట్టి ఉన్నాయి. గుట్టల చాటున ఆకుపచ్చ చొక్కాల రంగు వేసిన వేలెడేసి సీసం మనుషులు తుపాకులు పట్టుకుని నిలబడ్డారు. బల్ల మీద బిస్కెట్ల డబ్బా తెరిస్తే అన్నీ తలకాయలు. పక్క డబ్బాలో తలలు లేని మొండేలు, ఒక్కో మెడలోంచి ఒక్కో గుండుసూది. వాటికి ఎడంగా ఒక్క బొమ్మ. టోపీ లేదు. బట్టతల, గుబురుమీసం, మెడదాకా గుండీలు పెట్టిన కోటు. అది ఆమె మొగుడే. కుడిచెయ్యి భుజం దగ్గరికి కోసేసి ఉంది. ఆ కోతలో సూది గుచ్చి ఉంది.

ఆమె ముట్టుకోలేదు. తాళం వేసి, పెరట్లో కసువు ఊడుస్తున్న మల్లమ్మ దగ్గరికి పోయింది.

"మల్లమ్మా, మనిషిని పోలినట్టు బొమ్మ చేసి చెయ్యి కోస్తే ఏమవుతాది?"

"ఎవురి బొమ్మమ్మా?"

"ఎవురిదైతే నీకేంది, చెప్పు."

"ఆ మనిషి చెయ్యి పడిపోతాది."

"బొమ్మను పగలగొడితే?"

"మనిషే పోతాడు. కోసినోడి చేతనే అతికించాలమ్మా. ఇంక దారి లేదు."

సాయంత్రం జీవానందం తిరిగి వచ్చేసరికి అతడి ట్రంకుపెట్టె వీధిలో ఉంది. గదిలో రామతులసమ్మ, పక్కన వేలాడే చేత్తో నాగేశ్వర్లు, గుమ్మంలో చీపురుతో మల్లమ్మ.

"ఇది ఆట అక్కా" అన్నాడు జీవానందం. "చదరంగం మాదిరి. పాచికలేసి యుద్ధం చేస్తాం. పట్టాళంలో ఒక దొర నేర్పినాడు, పోతా పోతా ఈ బొమ్మలు ఇచ్చినాడు. అందరూ దొరల టోపీలోళ్ళే. మన సిపాయి ఒక్కడూ లేడు. అందుకని తలలు కోసి, లక్కతో తలపాగాలు చేసి పెడతాండా. సూది గుచ్చకపోతే తల నిలబడదు."

"మా ఆయనకు తలపాగా యాడుంది?"

జీవానందం నాగేశ్వర్లు వైపు చూశాడు. నాగేశ్వర్లు గోడమీది బల్లి వైపు చూశాడు.

"ఆ బొమ్మ సేనాపతి అక్కా."

"సేనాపతికి మా ఆయన మీసం ఎట్ల వచ్చింది?"

"ఎవురిదో ఒక మీసం ఉండాల గదా."

"చెయ్యెందుకు కోసినావు?"

"కిందికి ఏలాడతా ఉండె. సేనాపతి అన్నాక చెయ్యెత్తి ముందుకు పొమ్మని చూపించాల. ఎత్తి అతికిద్దామని కోసినా."

"అయితే అతికించు. నా కళ్ళముందర. ఆయన చెయ్యి లేచిందా, సరి. లేకపోతే నీ పెట్టె వీధిలోనే ఉంటాది, నువ్వు పోలీసుస్టేషన్లో ఉంటావు."

జీవానందం దీపం వెలిగించి లక్క కరిగించాడు. గడియారాల పట్టకారుతో ఆ చిన్న చేతిని పట్టుకుని, సూదికి గుచ్చి, పైకెత్తి నిలబెట్టాడు.

"ఎంతసేపటికి ఆరుతాది?"

"ఆరిపోయింది అక్కా" అన్నాడు. చూపు మాత్రం నాగేశ్వర్లు మీద ఉంది. "ఇప్పుడు లేవకపోతే నాకు ఈ ఊళ్ళో చోటు లేదు."

నాగేశ్వర్లు కిటికీలోంచి వీధిలోని ట్రంకుపెట్టెను చూశాడు. కార్ఖానా ఉన్న దిక్కు చూశాడు. మళ్ళీ పెట్టెను చూశాడు. అతడి కుడిచెయ్యి మెల్లగా కదిలింది. నడుము దాకా వచ్చి ఆగింది. రొమ్ము దాకా వచ్చింది. ఆఖరికి తలమీదికి లేచి, సరిగ్గా ఆ బొమ్మ చెయ్యి వాలులోనే ముందుకు చాచుకుంది. మర్నాటికి బజారులో ఆ చెయ్యి ఇంటి దూలాన్ని తాకిందని చెప్పుకున్నారు.

మల్లమ్మ చీపురు వదిలేసి రెండు చేతులూ జోడించింది.

రామతులసమ్మ జోడించలేదు. లేచిన ఆ చేతిని పట్టుకుని దగ్గరికి తెచ్చుకుంది. వాసన చూసింది. నూనె వాసన లేదు. వేళ్ళ సందుల్లో బలపం పొడి. గోళ్ళ కింద సిపాయి చొక్కాల ఆకుపచ్చ రంగు, ఒక్కరోజుది కాదు, పొరలు పొరలుగా. రెండు నెలలపాటు ముద్ద కోసం తెరిచిన ఆ నోటిని తేరిపార చూసింది.

"మల్లమ్మా, ఆ పెట్టె లోపల పెట్టు" అంది. తర్వాత జీవానందం వైపు తిరిగింది. "ఆ బొమ్మ చెయ్యి ఊడకుండా చూసుకో. మళ్ళా ఊడిందా, వీధిలో రెండు పెట్టెలు ఉంటాయి."